పేదరికానికి మారు వడ్డన

నందిగామ చూడనివాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. కాశీ వెళ్లొచ్చినవాళ్లు రాశారు, సింగపూరులో సామాన్లు కొనుక్కొచ్చినవాళ్లు రాశారు. నందిగామ వెళ్లొచ్చి రాసినవాడు మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

మొన్న మార్చి నెలలో ఒక అంతర్జాతీయ సదస్సు కోసం వెళ్లి అక్కడ రెండు రోజులు ఉండి వచ్చాను. ప్రపంచంలో పేదరికాన్ని రూపుమాపడం ఎలాగో విద్యార్థులకు నేర్పే సదస్సు అది. ప్రత్యేక వాహనంలో వెళ్లాను. వెంట పరివారం ఉంది. కోటు వేసుకున్నాను. నేనన్న మాట వేదిక మీద ప్రస్తావనకు వచ్చింది. ఆ మాటని బట్టి కాలేజీ యాజమాన్యం ఒక పెద్ద నిర్ణయం కూడా ప్రకటించింది.

ఇందులో అబద్ధం ముక్క లేదు. కాకపోతే నిజాన్ని కాస్త ఇస్త్రీ చేశాను. ప్రత్యేక వాహనం అంటే టాటా ఏస్ బండి. పరివారం అంటే గుండిగలు, గరిటెలు, వడ్డించే ఆడవాళ్లు. సదస్సు వాళ్లు పిలిచింది నన్ను కాదు, మా వంట మస్తాన్‌ని. నేను మస్తాన్‌తో వెళ్లాను. కోటు మాత్రం నాదే.

మా పేట

జగ్గయ్యపేటని మేం పేట అనే అంటాం, లోకంలో ఇంకో పేట లేనట్టు. చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. మా ఊళ్లో మనిషి జుట్టు తెల్లగా కనబడితే అది వయసో సిమెంటో తలంటు పోసుకుంటే గాని తేలదు. అలాంటి ఒక ఫ్యాక్టరీలో జనరల్ మేనేజరు గారి పక్క గదిలో కూర్చుని నేను చాలాకాలం పెద్ద బాధ్యత మోశాను. ఆ పక్క గది కాటా గది. నేను లారీలు తూచే గుమాస్తాని. ఉద్యోగం ఉన్నంతకాలం బరువులు ఉన్నవున్నట్టు చెప్పి చెప్పి విసుగెత్తింది. రిటైరయ్యాక మిగతా విషయాలన్నీ కాస్త ఎక్కువ తూగేలా చెప్పడం అలవాటైంది.

మస్తాన్ మా వీధివాడే. ఒకప్పుడు పేట చుట్టుపక్కల పెళ్లంటే మస్తాన్ వంటే. పెళ్లికూతురు ఎవరని అడక్కముందే వంట ఎవరిదని అడిగేవారట. ఇది నేను పెంచింది కాదు, మస్తాన్ పెంచింది. ఈమధ్య విజయవాడ నుంచి ఈవెంట్ల వాళ్లు దిగారు. పూలు, లైట్లు, తెల్లటోపీల వంటవాళ్లు, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. మస్తాన్‌కి మిగిలినవి ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు. దానికి తోడు మూఢం. పెళ్లిళ్లు ఆగిపోయే ఆ రోజుల్లో పంతులు గారి కంటే వంటవాడికే కరువెక్కువ. పంచాంగం కొనుక్కుని, మూఢం ఎప్పుడు మొదలవుతుందో చూసి గుండెలు బాదుకునే సాయిబు గారు మా జిల్లా మొత్తానికి మస్తాన్ ఒక్కడే.

ఒకరోజు పొద్దున్నే ఇంటికొచ్చాడు.

“ఈ ఏడు మూఢం బాగా పొడుగు బాబాయ్. నందిగామ అవతల కాలేజీవాళ్లు సదస్సుకి రెండ్రోజులు వండమన్నారు. కరస్పాండెంట్ గారికి నచ్చితే జూన్ నుంచి హాస్టల్ మెస్సు నాదేనంట. మెస్సొస్తే మూఢంలో కూడా నా పొయ్యి ఆరదు. రాకపోతే గుండిగలు అమ్ముకుని ముక్త్యాల పోయి సిమెంటు లారీలు కడుక్కోవాలి.”

“దానికి నేనెందుకురా?”

“మీ మేనేజర్ ఎవరని అడుగుతున్నారు. నువ్వా కోటేసుకుని పొయ్యి పక్కన నిలబడు, చాలు. రెండ్రోజులూ భోజనం నాది. ఒకటే షరతు, నోరు తెరవకు.”

“తినేటప్పుడో?”

“అప్పుడు తెరువు. తినంగానే మూసెయ్.”

గుండిగలో గౌరవరం దాకా

వంటసామానుతో బండి నిండింది. ముందు సీట్లో డ్రైవరు, మస్తాన్, వడ్డన చూసుకునే నాగరత్నం ఇరుక్కున్నారు. నాగరత్నానిది వీరులపాడు. బంతి మధ్యలో ఆవిడ గరిటె పట్టుకుని నడుస్తుంటే, ఇంక చాలనడానికి పెళ్లివారు కూడా భయపడతారు. మిగతా ఆడవాళ్లు బస్సులో వెనక వస్తామన్నారు. నాకు మహారాజుల కాలం నాటి ఇత్తడి ఆసనం కేటాయించారు. అంటే, కోటు మట్టి కాకుండా నన్ను పెద్ద గుండిగలో కూర్చోబెట్టారు.

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాం. రోడ్డుకి రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. చూడ్డానికి బాగుంటుంది గాని ఆ గాలి గుండిగలోకి దిగితే తిరిగి బయటికి పోదు. నేను తుమ్మాను. గుండిగలో తుమ్మితే ఎలా మోగుతుందో తుమ్మినవాడికే తెలుసు. పక్కన మోటారు సైకిలు మీద పోతున్న కుర్రాడు టైరు పేలిందనుకుని బండి ఆపి దిగి చూసుకున్నాడు.

గౌరవరం దగ్గర టిఫిను కోసం ఆగాం. అందరూ దిగారు, నేను దిగలేదు. దిగడానికి ప్రయత్నించాను, గుండిగ కూడా నాతో లేచింది.

“బాబాయ్ గారూ, ఊపిరి ఒదిలెయ్యండి. పొట్ట లోపలికి లాగండి,” అంది నాగరత్నం.

“లాగితే ఎటు పోవాలమ్మా? ఉన్నదంతా లోపలే ఉంది.”

మస్తాన్ పరిగెత్తుకొచ్చాడు. “మెల్లగా, మెల్లగా! సొట్ట పడుద్ది!” అని అరిచాడు. నా మీద అంత ప్రేమ ఉందని అంతవరకూ తెలియదు. తర్వాత తెలిసింది, వాడి బెంగ గుండిగ గురించి. చివరికి గుండిగని పక్కకి పడుకోబెట్టి నన్ను దొర్లించారు. అక్కడ తిన్న ఇడ్లీకి ప్లేటు నలభై అన్నాడు. మా పేటలో ముప్ఫై. హైవే మీద కొబ్బరి చట్నీలో కొబ్బరి పేరుకే ఉంటుంది, ధరలో మాత్రం చెట్టుతో సహా కనబడుతుంది.

నందిగామ: మొదటి రోజు

నందిగామ వాళ్లు మంచివాళ్లు. మాకూ వాళ్లకీ పెద్ద తేడా లేదు. మా పేట సరిహద్దు ఊరు కాబట్టి మా మాటల్లో తెలంగాణ మాట ఒకటీ అరా దొర్లుతుంది. అది విని వాళ్లు మమ్మల్ని పరాయి రాష్ట్రం వాళ్లలా చూస్తారు. మేం వాళ్లని ఎండలేని ఊరి వాళ్లలా చూస్తాం. ఎండ ఇద్దరికీ ఒకటే.

కాలేజీ ఊరి బయట, మిరప చేల మధ్య ఉంది. గేటు మీద ఫ్లెక్సీలో భూగోళం బొమ్మ, దాని చుట్టూ చేతులు కలిపిన పిల్లల బొమ్మలు, వాటన్నిటి కంటే పెద్దగా కరస్పాండెంట్ గారి ఫొటో. ‘అంతర్జాతీయ’ అన్న మాట బంగారు రంగులో ఉంది. పరదేశాల నుంచి వచ్చిన ప్రతినిధులను నేను స్వయంగా లెక్కపెట్టాను. ఒక్కడే. డేవిడ్ అని, అదే కాలేజీలో చదువుకుంటున్న టాంజానియా కుర్రాడు. వాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టి, టీవీవాళ్లు వచ్చినప్పుడల్లా అటు తిరగమంటున్నారు. పిల్లలు చుట్టూ చేరి మీ దేశంలో ఆకలి గురించి చెప్పమని అడిగారు. డేవిడ్ చాలాసేపు ఆలోచించాడు. వాళ్ల నాన్నకి రెండు హోటళ్లు, ఆరేడు లారీలు ఉన్నాయట. ఆకలి తెలిసింది ఇక్కడి హాస్టల్లో చేరాకేనని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. హాలంతా చప్పట్లు. కరస్పాండెంట్ గారు కొట్టలేదు.

ముఖ్య అతిథి గారు ఏసీ కారులోంచి దిగి ఏసీ హాల్లోకి నడిచి, పేదరికం ఒక మానసిక స్థితి అని చెప్పారు. నేను గుమ్మం దగ్గర నిలబడి వెంటనే నా మానసిక స్థితి తడిమి చూసుకున్నాను. పెన్షన్ ఏమీ పెరగలేదు.

తర్వాత తెర మీద బొమ్మలు వేశారు. ఒక తాటాకు పాక, ముందు గేదె, గడప మీద ముసలమ్మ. హైదరాబాద్ నుంచి వచ్చిన కోఆర్డినేటర్ మేడం, పేరు మృదుల, గొంతు తగ్గించి, “ఈ ఇంటిని చూస్తే మీకు ఏమనిపిస్తోంది?” అని పిల్లల్ని అడిగింది. మంచినీళ్లు అందించడానికి లోపలికొచ్చిన నాగరత్నం తెరవంక చూసి ఆగిపోయింది.

“అయ్యో, అది మా ఆడపడుచుది కదా!”

“మీ బంధువుల ఇల్లా అమ్మా?” అంది మేడం జాలిగా.

“ఇల్లు కాదండి, గొడ్లపాక. ఇల్లు వెనకాలుంది, రెండంతస్తుల డాబా. ఫొటో తీసేటప్పుడు డాబా పడకుండా మా వదినమ్మని పాక ముందుకి జరగమన్నారంట. ఆ గేదెకి లక్ష పైన పెట్టారండి.”

ఆ బొమ్మ తీసేసి ఇంకోటి వేశారు. పిల్లలకి రంగు కాగితాలిచ్చి పేదరికానికి కారణాలు రాసి బోర్డుకి అంటించమన్నారు. ఏసీ గాలికి కారణాలన్నీ ఎగిరి కింద పడ్డాయి. ఏరి చూస్తే సగం వాటి మీద ఒకటే మాట, ‘అవగాహన లేకపోవడం’. అవగాహన లేకపోవడం వల్ల పేదరికం, దానికి మందు అవగాహన సదస్సు, సదస్సుకి భోజనం మస్తాన్. గొలుసు ఎక్కడా తెగలేదు.

మధ్యాహ్నం మస్తాన్ గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, మజ్జిగపులుసు పెట్టాడు. తిన్నాక హాస్టలు పిల్ల ఒకత్తె వంటపాక దగ్గరికి వచ్చింది. సౌజన్య అని, ముక్త్యాల పిల్ల. వాళ్ల నాన్న సిమెంటు లారీ నడుపుతాడు.

“తాతగారూ, జూన్ నుంచి మీరే మెస్సుకి వస్తారంటగా? నిజమేనా?” అని అడిగింది నా కోటు చూసి.

“మీ కరస్పాండెంట్ గారి దయ.”

“రండి తాతగారూ, ప్లీజ్. మా మెస్ సాంబార్లో ముక్క కనపడితే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం.”

మస్తాన్ వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్లేనని నాకు చెప్పాడు. ఉల్లిపాయలు తరిగేది వేరే ఆవిడ.

మేడం గారి గంజి

సాయంత్రం మృదుల మేడం వంటపాకలోకి వచ్చింది. మంచి పిల్లే. ప్రపంచాన్ని బాగుచెయ్యాలని నిజంగానే ఉంది, నిద్ర మాత్రం లేనట్టుంది.

“రేపు లంచ్ మామూలు లంచ్ కాదండి. పిల్లలు చీటీలు తీస్తారు. కొద్దిమందికే బంగారు రంగు చీటీ వస్తుంది. వాళ్లకి టేబుళ్లు, ఫ్రైడ్ రైస్, పనీర్, ఐస్‌క్రీమ్. మిగతా అందరికీ ఎర్ర చీటీ. వాళ్లు నేల మీద కూర్చుని గంజి తాగుతారు. ఒక్క గరిటె, అంతే. అసమానత అంటే ఏమిటో వాళ్లకి అనుభవం కావాలి.”

“అట్టాగేనండి,” అన్నాడు మస్తాన్.

“గంజి రుచిగా ఉండకూడదు.”

మస్తాన్ మొహం చూడాలి. వాణ్ని పొయ్యిలో చెప్పులు పెట్టమన్నా అంత బాధపడేవాడు కాదు.

“రుచి లేకుండా వండటం నాకు రాదండి మేడం. నేర్చుకోలా.”

“ఏమీ వెయ్యకండి, అంతే. నీళ్లు, నూకలు. మారు అడిగినా ఇవ్వొద్దు. రేపు ట్రస్టీలు కూడా వస్తున్నారు.”

ఆవిడ వెళ్లాక నేను వాడి చెవిలో, “మస్తానూ, మూఢం గుర్తుందిగా,” అన్నాను. గుర్తుందని తలూపాడు. వాడి అమ్మతోడు, నా కోటుతోడు, ఆ క్షణాన వాడి ఉద్దేశం మంచిదే.

రెండో రోజు పొద్దున

నేలలో తవ్విన గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించి నీళ్లు, నూకలు పోశాడు. కుతకుతలాడాక ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, మొహం పక్కకి తిప్పేశాడు.

“ఉప్పు పడాలి బాబాయ్. ఈ ఎండకి ఉప్పు లేకపోతే పిల్లలు కళ్లు తిరిగి పడతారు.”

ఉప్పు ఆరోగ్యం కిందికి వస్తుందని నేనూ ఒప్పుకున్నాను. కాసేపాగి, వేడి గంజి తాగితే నోరు కాలుతుంది కాబట్టి చల్లార్చడానికి గేదె పెరుగు చిలికి పోశాడు. పెరుగు అరగడానికి అల్లం. అల్లం ఘాటు విరగడానికి చిన్న ఉల్లిపాయలు. ఈగలు రాకుండా కరివేపాకు, కొత్తిమీర. నెయ్యి మూకుడు పొయ్యి మీద పెట్టినప్పుడు అడిగాను.

“ఇదెందుకురా?”

“రంగుకి.”

ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి చిటపటలాడి గుండిగలో పడ్డాయి. హాల్లో స్పీకరు గారు మాట మధ్యలో ఆగి గాలి పీల్చారని తర్వాత విన్నాను. స్పీకరు గారి సంగతి నేను కల్పించాను. గుమ్మంలో వాచ్‌మన్ పీల్చడం మాత్రం కళ్లారా చూశాను. చివర్లో మస్తాన్ జాడీ మూత తీశాడు. అందులో పండుమిరప పచ్చడి. అది పనివాళ్ల కోసం ఇంటి నుంచి తెచ్చిందనీ, పక్కన ఊరికే పెడతాననీ అన్నాడు.

“నువ్వు మెస్సు పోగొట్టుకుంటావురా,” అన్నాను.

“ఏం వేశానని?” అన్నాడు. నిజంగానే వాడికి తెలియలేదు.

బంగారు చీటీ, ఎర్ర చీటీ

ఎర్ర చీటీల పిల్లలు మేడం చెప్పినట్టే దిగులు మొహాలు పెట్టుకుని చాపల మీద కూర్చున్నారు. ట్రస్టీల ముందు ఫొటోలు తీశారు. మేడం మైకులో, “ఒక్క నిమిషం మౌనంగా, ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లను తలుచుకుంటూ తాగండి,” అంది.

తాగారు. మౌనం నిమిషం దాటింది. గిన్నెల అడుగులు గీకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ తర్వాత ఒక గొంతు లేచింది. సౌజన్యది.

“ఆంటీ, ఇంకొంచెం.”

నాగరత్నం మేడం వంక చూసింది. మేడం వద్దన్నట్టు తల ఊపింది. మా వైపు బంతిలో ఒక పద్ధతి ఉంది. ఖాళీ అయిన ఆకు ముందు నుంచి మారు అడక్కుండా నడిచిపోయిన మనిషిని దొంగ కంటే హీనంగా చూస్తారు. నాగరత్నం నడవబోయింది. ఇంకో పిల్ల గిన్నె చాపింది, దాటింది. ఆ పక్కన డేవిడ్ రెండు చేతులతో గిన్నె ఎత్తాడు. అక్కడ ఆగిపోయింది.

“అడిగిన నోటికి లేదనడం మా ఇంటా వంటా లేదమ్మా, ఏమనుకోమాక,” అని మేడంతో అంటూనే నిండుగా పోసింది. “ఆ పచ్చడి నంజుకో బాబూ. నీళ్లు కలుపుకోకు, అట్టా తాగు. ఏంటమ్మాయ్, నీకు చాలా? పిట్టవా ఏంటి?”

ఇంక ఆపేవాళ్లు లేరు. మిగతా ఆడవాళ్ల గరిటెలూ లేచాయి. అవతల టేబుళ్ల మీద ధనవంతుల ఫ్రైడ్ రైస్ చల్లారిపోయింది. ధనవంతులు మెడలు సాచి ఇటు చూస్తున్నారు. ఒకడు బంగారు చీటీ ఇచ్చి ఎర్ర చీటీ అడిగాడు. అవతలివాడు ఐస్‌క్రీమ్ కూడా కలపమన్నాడు. కాసేపటికి ఎర్ర చీటీ ధర రెండు ఐస్‌క్రీములైంది. నా కళ్ల ముందు పేదరికం బ్లాకులో అమ్ముడుపోయింది. ఒక ట్రస్టీ గారు ఏ చీటీ లేకుండానే గ్లాసుతో వచ్చారు.

భోజనం తర్వాత మేడం పిల్లల్ని కూర్చోబెట్టి అడిగింది.

“పేదవాళ్లుగా ఉండటం ఎలా అనిపించింది?”

“కడుపు నిండింది మేడం. నిద్రొస్తంది.”

“ధనవంతులకు?”

“అన్యాయం జరిగింది మేడం!” అన్నారు అందరూ ఒకే గొంతుతో.

ఆవిడ పాక వెనక్కి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. “నా సెషన్ మొత్తం పాడుచేశారండీ!”

“గంజి బాలేదా మేడం?” అన్నాడు మస్తాన్ కంగారుగా.

కోటు నోరు తెరిచింది

మస్తాన్ నమాజు చేసుకోవడానికి వెళ్లాడు. నేను పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని అరిగించుకుంటున్నాను. అప్పుడు కరస్పాండెంట్ గారు స్వయంగా వచ్చారు. సఫారీ సూటు, నాలుగు ఉంగరాలు. మేడంలాగే ఆయనా కోపంగా ఉంటారనుకున్నాను. ఆయన నవ్వుతున్నారు.

“మేనేజర్ గారూ, పిల్లలు ఎగబడి తాగారండీ. గంజికి ఎగబడటం నేనెప్పుడూ చూళ్లేదు. తలకి ఎంత పడి ఉంటుందంటారు?”

నోరు తెరవొద్దని మస్తాన్ చెప్పాడు. నిజమే. కానీ మెస్సు అక్కడే, ఆ ఉంగరాల చేతిలో ఊగుతోంది. వండేవాడు పొదుపరి అని తెలిస్తే ఏ యజమాని కాదంటాడు? మేనేజర్ అన్నాడాయన. ఆ మాట విని ఊరుకునే వయసు కాదు నాది.

“అంతా నీళ్లే కదండీ. మీరు తాగే టీ ఖరీదు కూడా అవదు,” అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఊపారు. ఉంగరాలు గుచ్చుకున్నాయి. మస్తాన్ నమాజు నుంచి వచ్చాక, “మెస్సు నీదేరా, నేను చూసుకున్నాను,” అన్నాను. ఎలా చూసుకున్నానో వాడు అడగలేదు, నేను చెప్పలేదు. వాడు పై గుడ్డతో గరిటెలన్నీ తుడిచి మెరిపించాడు.

వేదిక మీద

ముగింపు సభలో అందరికీ ప్రశంసాపత్రాలు ఇచ్చారు. ప్రపంచ పేదరిక నిర్మూలనకు కృషి చేసినందుకని అందులో రాసి ఉంది. కోటు చూసి నాకూ ఒకటి ఇచ్చారు. అప్పుడు కరస్పాండెంట్ గారు మైకు అందుకున్నారు.

“ఈ రెండు రోజులు నా కళ్లు తెరిపించాయి. ప్రపంచంలోని పేదలకు సంఘీభావంగా, జూన్ నుంచి మన హాస్టల్లో వారానికి నాలుగు రోజులు ఈ గంజి భోజనమే పెట్టబోతున్నాం!”

రెండు రోజులుగా దేనికి పడితే దానికి చప్పట్లు కొడుతున్న హాలు నిశ్శబ్దమైంది. సౌజన్య లేచి నిలబడింది.

“సార్, ఆ నాలుగు రోజులకీ మెస్ ఫీజు కూడా పేదలకి తగ్గట్టే తీసుకుంటారా సార్?”

వెనక బెంచీల్లో ఈలలు. కరస్పాండెంట్ గారు చిరునవ్వు చెదరనివ్వలేదు.

“ఫీజులు మేనేజ్‌మెంట్ విషయం తల్లీ. నువ్వు కూర్చో. నేర్చుకోవలసిందేమిటంటే, టీ ఖరీదు కూడా కాకుండా కడుపు నింపొచ్చు! ఈ మాట నాది కాదు, వీళ్ల మేనేజర్ గారిది. మస్తాన్ గారూ, ఇలా రండి. వచ్చే ఏడాది మన మెస్సు ఈయనదే!”

మస్తాన్ మెడలో శాలువా పడింది. మెస్సు వచ్చేసింది. మూఢాన్ని గెలిచేశాడు. దణ్ణం పెట్టి దిగిపోతే సరిపోయేది. కరస్పాండెంట్ గారే మైకు వాడి నోటి ముందు పెట్టారు. “టీ ఖరీదులో భోజనం ఎలా చేశారో పిల్లలకి రెండు ముక్కలు చెప్పండి.”

“టీ ఏంటండీ?” అన్నాడు మస్తాన్.

“అదే, మీ గంజి. టీ కంటే చవక కదా.”

వాడి మొహంలో రంగు మారడం గుమ్మం దగ్గరున్న నాకు కనబడింది.

“నా గంజా? టీ కంటే చవకా? ఎవడండీ అన్నది?” మైకు కీచుమంది. “అయి మామూలు నూకలనుకున్నారా? రాత్రికి రాత్రే పాత బియ్యం తెచ్చి దగ్గరుండి విరగ్గొట్టించా. పెరుగు గేదె పెరుగండి, పాకెట్ కాదు, మజ్జిగపులుసుకని ముందే చిల్లకల్లులో ఇల్లిల్లూ తిరిగి తోడు పెట్టించా. తాలింపు నెయ్యి. చిన్న ఉల్లిపాయ ఈ ఎండల్లో ఎంతుందో మార్కెట్టుకెళ్లి అడగండి. పచ్చడి మా ఆవిడ రోట్లో నూరింది, రెండ్రోజులు చేతులు మండి అన్నం కలుపుకోలేకపోయింది. మీరిచ్చింది చాలక పైది నా చేతిది వేసుకున్నా. మీ పనీర్ కంటే ఈ గంజికే ఎక్కువ పడిందండి! ఆ పనీర్ ఎవడైనా చేస్తాడు. టీ అంట, టీ!”

హాలు కప్పు లేచిపోయేలా చప్పట్లు. కరస్పాండెంట్ గారు మైకు మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

“పనీర్ కంటే ఎక్కువా?” అని అడిగారు, మైకు లేకుండా.

“ఎక్కువేనండి.” గర్వంగా చెప్పాడు.

“అయితే గంజి సంగతి మళ్లీ చూద్దాం. మెస్ సంగతి కూడా. మేం కబురు చేస్తాం.”

ఆ కబురు ఇంతవరకూ రాలేదు. మెస్సు ఇంకెవరికో ఇచ్చారని సౌజన్య మే నెలలో ఫోన్ చేసి చెప్పింది. గంజి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదట. ప్రపంచ పేదరికం సంగతి నాకు తెలియదు, నందిగామ హాస్టల్లోకి రాబోయిన పేదరికాన్ని మాత్రం నేనే ఆపానని పేటలో నలుగురికీ చెప్పుకున్నాను. దాన్ని లోపలికి పిలిచింది కూడా నేనేనని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆపింది మస్తాన్ గర్వం.

తిరుగు ప్రయాణం

పొద్దు వాలుతుండగా బయలుదేరాం. నాగరత్నాన్ని నందిగామలో వీరులపాడు ఆటో ఎక్కించాం కాబట్టి నాకు ముందు సీటు దొరికింది. మస్తాన్ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నాడు. గౌరవరం దాటింది. తిడతాడని కాచుకు కూర్చున్నాను. వాడు తిడితే నాలుగు తిట్లు తిందామని. చిల్లకల్లు దగ్గర లారీల వెనక బండి ఆగినప్పుడు నోరు విప్పాడు.

“టీ అన్నది నువ్వేగా బాబాయ్?”

“నేనేరా.”

“ఊళ్లో పాము కనపడితే కొండచిలువంటావు. కాటా గుమాస్తా చేసి మేనేజర్ పక్కన కూర్చున్నానంటావు. ఉన్నదీ లేనిదీ అన్నీ పెంచే చెప్తావు. నా గంజి దగ్గరికొచ్చేసరికి తగ్గించి చెప్పడానికి నీకు నోరెట్టా వచ్చింది?”

“నీకు పని దొరుకుద్దనే తగ్గించానురా మస్తానూ.”

“పని పోతే పోయింది. మూఢం ఎన్నాళ్లుంటది, ఎప్పుడో ఒకప్పుడు పోద్ది. టీ కంటే తక్కువన్న మాట పోద్దా?”

ఆ మాటకి నేను దీటుగా జవాబు చెప్పానని పేటలో అంటున్నాను. చెప్పలేదు.